వంశధార లోయ

ఒడిశాలోని కలహండి జిల్లా కొండలలో జన్మించిన వంశధార, గుణుపురం మీదుగా దిగివచ్చి, శ్రీకాకుళం జిల్లాలోని కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. దీని పొడవు సుమారు 250 కిలోమీటర్లు. గోదావరీ కృష్ణలను చూసిన కంటికి ఇది చిన్న నదే. పరీవాహక ప్రాంతంలో నాలుగింట మూడు వంతులు ఒడిశాలోను, మిగిలినది ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నాయి. కొంతమేర నదియే ఇరు రాష్ట్రాలకు పొలిమేర.

లోయకు ఇరువైపులా ఉన్న కొండలు సవరల నివాసభూములు. వారు పోడు చేసి చోళ్ళు, సామలు, కందులు పండిస్తారు. జీడిమామిడి తోటలు పెంచుతారు. చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు వారపు సంతకు దిగివస్తాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు కొండకెక్కుతాయి. పల్లపు నేలల్లో వరి ప్రధానమైన పంట. కోతల అనంతరం ఆ తడిలోనే పెసర, మినుము చల్లుతారు.

వంశధారకు ఉపనది మహేంద్రతనయ. దానికి ఈ ఒడ్డున పాతపట్నం, ఆ ఒడ్డున పర్లాకిమిడి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అందులో చేరినది. గీత పటం మీద పడినది గాని, బేరసారాల మీద పడలేదు. 1900లో నౌపడ నుండి పర్లాకిమిడికి వేసిన చిన్న రైలుమార్గాన్ని 1931 నాటికి గుణుపురం వరకు పొడిగించారు. 2004లో ఆ చిన్న బండి ఆగిపోయినా, 2011 నుండి అదే దారిలో పెద్ద రైలు నడుస్తున్నది.

ముఖలింగం సమీపంలో, ఈ నదీతీరాన గల పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పంతులు జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, లిపిలేని సవర భాషను నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువులూ సమకూర్చారు. వాడుక భాషకై ఆయన చేసిన కృషికి ఈ లోయలోని జనజీవనమే తొలి బడి అనిపిస్తుంది.

ఇక నీటి సంగతి. వర్షమంతా ఎగువ కొండలలో కురిసి, వరదగా దూసుకువచ్చి, కొద్దిరోజులలోనే సముద్రం పాలవుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వేళ ఇదే వరద తీరగ్రామాలను ముంచెత్తినది. నదిలో లభ్యమయ్యే 115 టి.ఎం.సి.ల నీటిని ఇరు రాష్ట్రాలు చెరిసగం పంచుకొనాలని 1962లోనే ఒప్పందమైనది. దిగువన హిరమండలం వద్ద గొట్టా బ్యారేజీ నిర్మించి కాలువలు త్రవ్వారు. ఎగువన నేరడి వద్ద ఆనకట్ట కట్టాలంటే ఒడిశా భూమి కొంత కావలెను. ఆ సమ్మతి లభించనందున, ఆంధ్రప్రదేశ్ భామిని మండలం కాట్రగడ్డ వద్ద తన ఒడ్డునే పక్క మత్తడి తలపెట్టినది. నది నిర్ణీత మట్టాన్ని మించినప్పుడే నీరు దానిమీదుగా పొర్లి కాలువలో పడి, హిరమండలం జలాశయానికి చేరుతుంది. అయితే నది తన దారినే మార్చుకొంటుందేమోనని ఒడిశా అభ్యంతరం చెప్పినది. 2010లో ఏర్పడిన ట్రైబ్యునల్ 2017లో తీర్పు వెలువరిస్తూ నేరడి బ్యారేజీకి అనుమతినిచ్చి, అందుకు కావలసిన 106 ఎకరాలను సేకరించి ఇవ్వవలసిందిగా ఒడిశాను ఆదేశించినది.

తీర్పులో నీటికి లెక్క ఉన్నది. జలాశయం కొరకు ఇళ్ళు, పొలాలు విడిచిన హిరమండలం పరిసర గ్రామాలవారు మాత్రం కొత్త కాలనీలలో కూలిపనులు వెదుకుకొనవలసి వచ్చినది. వారు వదిలిన నేలలో నిలిచిన నీరే దిగువన పరుల పొలాలకు పారుతున్నది.