చేతి శుభ్రత, చీటీ వ్రాత – సైనిక వైద్యము నేర్పిన పాఠము

విజయవాడ వద్ద కృష్ణానదిపై తొలి ఆనకట్ట 1855లో పూర్తియైనది. దానిని కట్టినవారు సైనిక ఇంజనీర్లు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున ఆ పని నడచినది. పిమ్మట 1957లో దానికి బదులుగా ప్రకాశం బారేజి వెలసినది. డెల్టా గ్రామములలో ఈ కథ ఎరుగని పెద్దలు ఉండరు. అయితే ఆనకట్ట పూర్తియైన ఆ యేటనే దూరదేశమున ఒక సైనికుల ఆసుపత్రిలో మరొక మేలు జరిగినది. అది నేటికిని మన యిండ్లలో రోగుల ప్రాణములను కాపాడుచున్నది. దానిని గురించి ఈ నెల ముచ్చటింతుము.

క్రిమియా యుద్ధకాలమున టర్కీ దేశములోని స్కుటారిలో బ్రిటిషు సైనికులకొక పెద్ద ఆసుపత్రి ఉండెడిది. 1854 నవంబరులో ఫ్లారెన్సు నైటింగేలు అను వనిత తన తోడి నర్సులతో అచటికి చేరినది. అచట గాయములచేత మరణించిన వారికంటె విరేచనములు, కలరా, విషజ్వరములచేత మరణించినవారే అధికము. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన నూరుగురిలో సుమారు 42 మంది చనిపోవుచుండిరి. మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు మురుగు కాలువలను శుభ్రపరచి, వార్డులకు గాలి వచ్చునట్లు చేసిరి. జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు దిగినది.

ఈ మార్పు లోకమునకెట్లు తెలిసినది? లెక్కలవలన. అచట మరణములను వేర్వేరు పుస్తకములలో వ్రాయుచుండిరి. ఒకదాని లెక్క మరియొకదానితో సరిపోలదు. ఆమె యుద్ధానంతరము ఆ చిక్కును విప్పి, ఏ నెలలో ఎందరు ఏ కారణమున మరణించిరో పటములు గీసి పాలకులకు చూపినది. శుభ్రత ప్రాణములను కాపాడినది. వ్రాత ఆ సంగతిని రుజువు చేసినది. ఈ రెండును జోడెడ్లవంటివి. ఒకటి కుంటినచో రెండవది బండిని లాగలేదు.

ఇట్టి నిదర్శనము మన తెలుగునేలమీదనే మరొకటి గలదు. 1897లో సికింద్రాబాదు పటాలమున సర్ రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడుండెను. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను మలేరియా రోగిని కొన్ని దోమలచే కుట్టించి, వానిని సీసాలలో ఉంచెను. 20వ తేదీన ఒక దోమను కోసి చూడగా దాని కడుపు గోడపై మలేరియా క్రిమి కనుపించినది. మరునాడు ఇంకొక దోమను కోసి చూడగా ఆ క్రిములు మరికొంత పెరిగియుండెను. ఏ దోమ ఏ రోజున ఎవరిని కుట్టినదో వ్రాసి ఉంచకపోయినచో, ఆ పెరుగుదల యొక్క అర్థము ఆయనకు బోధపడెడిదియే కాదు. మలేరియాను వ్యాపింపజేయునది దోమయే అని తేలుటకు ఆ చిన్న పుస్తకములోని తేదీలే ఆధారమైనవి. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించినది. కాలువలకును, దోమలకును కొదువలేని కృష్ణా డెల్టావారు ఆయనకెంత ఋణపడియున్నారో చెప్పనక్కరలేదు.

యుద్ధరంగమున గాయపడిన సైనికుడు ఒక్క వైద్యుని చేతిలో ఉండడు. మొదట తోటి సైనికుడు, పిదప వైద్యసహాయకుడు, అటుపై క్షేత్రవైద్యశాల, తుదకు పెద్ద ఆసుపత్రి. ఇన్ని చేతులు మారు మనిషికి స్మృతి తప్పవచ్చును. అతని పక్షమున మాటలాడునది దేహమునకు కట్టిన చీటీ ఒక్కటియే.

రెండవ ప్రపంచయుద్ధమున దీనిని వైద్యులు కష్టపడి నేర్చుకొనిరి. బాధ తగ్గుటకు మార్ఫిను సూది వేయుదురు. చలిలో రక్తము కోల్పోయినవాని దేహమున ఆ మందు వెంటనే ఎక్కదు. బాధ తగ్గలేదని వెనుక వచ్చినవారు మరల వేయుదురు. ఆసుపత్రిలో వెచ్చదనము కలిగి రక్తము చక్కగా ప్రసరించినపుడు రెండు మోతాదులు ఒక్కసారి పనిచేసి ఊపిరి ఆగవచ్చును. అందుచేత సూది వేసిన గుర్తును క్షతగాత్రుని నుదుటనే వ్రాయు ఆచారము వచ్చినది. రక్తము ఆగుటకు కాలికో చేతికో బిగించిన కట్టుకును కట్టిన వేళ వ్రాయుదురు. ఆ వేళ తెలియనిచో అవయవమునకే ముప్పు.

శుభ్రతకును అట్టి కట్టుబాటే గలదు. రోగిని తాకుటకు ముందు, తాకిన పిదప చేతులు కడుగవలెను. సబ్బుతో, నీటితో 40 నుండి 60 సెకన్లు వ్రేళ్ల సందులు, గోళ్ల మొదళ్లు రుద్దవలెను. ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడరాదు. చీము, నెత్తురు అంటిన గుడ్డలు పసుపుపచ్చ సంచిలోనికి, సూదులు గ్రుచ్చుకొనని తెల్లని డబ్బాలోనికి పోవలెను. ఈ నియమము అధికారికిని, సిపాయికిని ఒక్కటియే.

“సైనికుల గొడవ రైతులకేల?” అని కొందరు అడుగవచ్చును. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలగు ప్రాంతములు నీట మునిగినవి. గండ్లు పూడ్చుటకు సైన్యమును కూడ రప్పింపవలసివచ్చెను. అట్టి దినమున కట్టుబట్టలతో ఇల్లు విడుచు వృద్ధునికి తాను మ్రింగు బిళ్ల పేరు ఎట్లు తెలియును? “ఎర్ర బిళ్ల, రాత్రిపూట వేసికొందును” అన్నచో ఏ వైద్యుడును ఏమియు చేయలేడు. ఆ వృద్ధుడును చేతులు మారు క్షతగాత్రునివంటివాడే.

వరదలు లేని నాడును అంతే. వరిచేనులో పాము కరచినవానిని ఊరినుండి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు, అటనుండి విజయవాడకు కొనిపోవుదురు. కరచిన వేళ ఏది, రెప్పలు వాలుట ఎప్పుడు మొదలైనది, ఏ మందు ఎంత వేసిరి – ఇవి కాగితముపై రోగి వెంట పోవలెను. సైనికుని చూచి మనవారు కాలికి బిగించి కట్టరాదు, గాటు పెట్టరాదు. కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

కావున ప్రతి యింట ఈ క్రింది పనులు చేయుదురుగాక.

ఒక చిన్న పుస్తకమున ఇంటివారందరి వ్యాధులు, వాడు మందులు, సరిపడని మందులు వ్రాసి, రేషను కార్డుతోపాటు నీరు చొరని సంచిలో ఉంచుడు.

జ్వరమో విరేచనములో వచ్చినపుడు మొదలైన వేళ, ఎన్ని మారులు అయినది, బిడ్డ మూత్రము ఎప్పుడు పోసినది గుర్తించుడు. చదువురాని తల్లికి బడిపిల్లవాడు వ్రాసిపెట్టవచ్చును.

గాయమునకు కట్టు మార్చుటకు ముందును, పిదపను చేతులు కడుగుడు. ఆసుపత్రిలో రోగి మంచముపై కూర్చుండుట, పదిమంది మూగుట మానుడు.

సూది వేయుటకు వచ్చినవారిని “చేతులు కడిగితిరా? సూది క్రొత్తదేనా?” అని మర్యాదగా అడుగుడు. అది అవమానము కాదు. మంచి వైద్యులు దానికి సంతోషింతురు.

ఆశా కార్యకర్త పుస్తకము తెరచి అడుగునపుడు విసుగుకొనక చెప్పుడు. ఆమె వ్రాయు ఒక్కొక్క పంక్తియు రేపు మరియొక వైద్యునికి దారిచూపు దీపము.

ఆనకట్ట కట్టుటకు ఎందరో కూలీల చెమట, ప్రభుత్వధనము కావలసివచ్చెను. ఈ పనికి కావలసినది ఒక సబ్బుబిళ్ల, ఒక పెన్సిలు. ఇవి రెండును లేని ఇల్లు మన డెల్టాలో ఉండదు. ఈ నెల మొదలుకొని వానిని రోగి మంచము చెంతకు చేర్పుడని మా మనవి.