గాలమునకు చిక్కు చేప

పఠన భాగములు: మత్తయి 17:24–27, ద్వితీయోపదేశకాండము 22:6–7, యెషయా 19:5–8

సువార్తలలో చేపల వేటను గూర్చిన మాటలు అనేకములున్నను, గాలమును గూర్చిన మాట ఒక్కచోటనే ఉన్నది. పేతురు, అంద్రెయ, జెబెదయి కుమారులు వలలవారు. వారు వలలు వేయుటయు, కడుగుటయు, బాగుచేసికొనుటయు, పిగిలిపోవునంతగా చేపలు పడుటయు మనము చదువుచుందుము. కాని కపెర్నహూములో దేవాలయపు పన్ను అడిగిన దినమున ప్రభువు పేతురును వలతో పంపలేదు, గాలముతో పంపెను. మొదట పైకి వచ్చిన చేపను పట్టుకొనుమనెను. దాని నోట దొరికిన షెకెలు ఇద్దరి పన్నుకు సరిపోయెను. మనిషికి అరషెకెలు గదా! ఆ నాణెము మీద మనము ఎన్నో ప్రసంగములు వింటిమి. ఈ నెల గాలము సంగతి చూతము.

వల వేసినవాడు నీటిలో ఏమున్నదో చూడకయే లాగును. పెద్దది, చిన్నది, గ్రుడ్లతో నున్నది, అన్నియు కలిసి వచ్చును. ఏరుకొనుట ఒడ్డున జరుగును. గాలము వేసినవానికి ఒక్కటే చేప. ఒక్క చేప చాలిన దినమున వల ఎందుకు? అయితే ఆ ఒక్కదానిని పట్టుటకు దాని అలవాటు తెలియవలెను. అది ఏ లోతున తిరుగును, ఏ వేళ మేతకు వచ్చును, దేనికి నోరు తెరచును, ఇవన్నియు ఎరిగినవానికే అది దక్కును.

గలిలయ సముద్రములో ముష్టు అను చేప కలదు. యాత్రికులకు దానినే పేతురు చేప అని వడ్డించుదురు. అది మన చెరువులలోని తిలాపియాకు దగ్గర చుట్టము. నీటిలోని సూక్ష్మమైన నాచును తిని బ్రదుకునది గనుక గాలపు ఎరకు అంతగా రాదు. కాబట్టి పేతురు పట్టినది మీసములుగల వేరొక జాతి చేప అయియుండునని కొందరు పరిశోధకుల అభిప్రాయము. అయినను ముష్టు చేపకు ఒక మంచి గుణము ఉన్నది. అది తన గ్రుడ్లను, పిల్లలను నోటిలోనే పెట్టుకొని కాపాడును. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి, ముందుకు అవసరపడును.

గాలపు వేటలో మిక్కిలి నేర్పుగలది ఈగ గాలము. చలిదేశపు ఏరులలో ట్రౌటు అను చుక్కల చేప ఉన్నది. వసంతకాలమున ఏటి అడుగున పెరిగిన పురుగులు రెక్కలు తొడిగి నీటిమీదికి వచ్చును. వాటిని తినుటకు ట్రౌటు పైకి లేచును. అప్పుడు వేటగాడు ఈకలతోను దారముతోను ఈగవలె కట్టిన గాలమును నీటిమీద వాల్చును. మన గాలములకు సీసపు గుండు బరువు. దానికి ఏ బరువును ఉండదు. దారమునే బరువుగా నేసి, గాలిలో వెనుకకు ముందుకు ఊపి, నిజమైన ఈగ వాలినంత మెత్తగా విడువవలెను. నీళ్లు చిట్లినయెడల చేప వెళ్లిపోవును.

ఈ వేటను గూర్చి మనకు తెలిసిన మిక్కిలి ప్రాచీనమైన వర్ణనలలో ఒకటి బైబిలు చదువువారికి పరిచయమైన దేశమునుండియే వచ్చినది. ఏలియను అను రోమా రచయిత మాసిదోనియలో బెరయకు థెస్సలొనీకకు నడుమ పారు ఒక నదిని గూర్చి వ్రాసెను. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో పౌలు రాత్రివేళ థెస్సలొనీకను విడిచి బెరయకు పోయినది ఆ ప్రాంతముననే. పౌలు తరువాత సుమారు 150 సంవత్సరములకు వ్రాసిన ఏలియను ఇట్లు చెప్పుచున్నాడు: ఆ నదిలోని చుక్కల చేపలు నీటిమీద తిరుగు ఒక జాతి ఈగలను తినును. ఆ ఈగను చేతితో పట్టినయెడల దాని రంగు పోయి రెక్కలు వాడిపోవును గనుక అది ఎరకు పనికిరాదు. అందుచేత అక్కడివారు గాలమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింద పెరుగు రెండు ఈకలు కట్టి, ఆరడుగుల కర్రకు ఆరడుగుల దారముతో వేటాడుదురు. పామరులైన పల్లెవారు ఒక ఈగను ఎంత శ్రద్ధగా చూచిరో గమనించుడి.

మన దేశములో ట్రౌటు సహజముగా లేదు. 1900 ప్రాంతములో దొరలు ఓడలమీద గ్రుడ్లు తెప్పించి కాశ్మీరు ఏరులలో పెంచిరి. తరువాత నీలగిరులలోను పెంచిరి. దానికి చల్లని, స్వచ్ఛమైన, పారు నీరు కావలెను. మా ఉప్పల్, నాచారము ప్రాంతమున అది ఒక్క దినమైనను బ్రదుకదు. అక్కడ మంచు కరగి ఏరులు నిండు వసంతకాలమున ఇక్కడ చెరువులు ఒడ్డులు విడిచి నడిమికి చేరుకొనును. మా గాలములవారికి ఆ కాలమునందు కనబడునది కొర్రమీను.

నాచారము చెరువు, ఉప్పల్ నల్ల చెరువు, రామంతాపూర్ చెరువులు, దక్షిణమున మూసీనది: ఇవి మా నీళ్లు. చుట్టును కార్ఖానాలును ఇండ్లును నిండిపోయినను, గాలపు కర్రతో ఒడ్డున కూర్చుండువారు ఇంకను ఉన్నారు. వెదురు కర్ర, నైలాను దారము, బెండు, ఎర్రలు ఉన్నయెడల చిన్న చేపలు పడును. కొర్రమీనుకు అది చాలదు. దానికి కప్ప కావలెను. బ్రతికిన చిన్న కప్పను గాలమునకు గ్రుచ్చి, గడ్డి ప్రక్కన నీటిమీద తట్టుచు లాగుదురు. ఇప్పుడు పట్నపు కుర్రవారు రీలు కర్రలతో వచ్చి రబ్బరు కప్పను విసరుచున్నారు. అది చూచినప్పుడు మాకు ఆ మాసిదోనియవారి ఎర్ర ఉన్నియే జ్ఞాపకము వచ్చును. కప్పకు కూడ బాధ తప్పినది.

కొర్రమీనును 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపగా నిర్ణయించిరి. పల్లెలలో కొర్రమట్ట అందురు. దీనికి మొప్పలతోపాటు తలలో గాలి పీల్చు అరలు కలవు. కొన్ని నిమిషములకొకసారి పైకి వచ్చి గ్రుక్కెడు గాలి మ్రింగి పోవును. పైకి రానీయక వలలో అదిమి ఉంచినయెడల చేప అయియుండియు మునిగి చచ్చును! చెరువు ఎండినప్పుడు తడిబురదలో దాగి వానలవరకు ఉండగలదు. గాలికై లేచినప్పుడు నీటిమీద పుట్టు చిన్న సుడిని చూచియే వేటగాడు కప్పను అక్కడికి విసరును.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. తొలకరి వానలు పడగానే కొర్రమీను జంట ఒడ్డు ప్రక్కన, గడ్డి నడుమ, కొంత మేర శుభ్రము చేసి గూడు కట్టును. తేనెరంగు గ్రుడ్లు నీటిమీద తేలుచుండును. ఒకటి రెండు దినములలో అవి పగులును. కొంచెము ఎదిగిన పిల్లలు నారింజ ఎరుపు రంగు తేలి, వందలకొలది ఒక్క గుంపుగా, గాలికై పైకి క్రిందికి బుడబుడలాడుచు తిరుగును. వాటి క్రిందనే, కంటికి కనబడకుండ, తల్లియో తండ్రియో కావలియుండును. కప్ప వచ్చినను, పాము వచ్చినను, మనిషి చేయి వచ్చినను అది మీదికి ఉరుకును.

వేటగాండ్రకు ఇది తెలిసినంతగా మరెవరికిని తెలియదు. ఎర్రపిల్లల గుంపు కనబడెనా, దాని నడుమ కప్పను వేసినచో పెద్ద కొర్రమీను పడుట దాదాపు నిశ్చయము. అది ఆకలిచేత పట్టినది కాదని గ్రహించవలెను. యాకోబు తన పత్రికలో మనుష్యుడు స్వకీయమైన దురాశచేత ఈడ్వబడునని వ్రాయుచు వాడిన గ్రీకు మాట ఎర అను అర్థముగల మాటనుండి పుట్టినది. మామూలు చేప ఆ విధముగానే చిక్కును. తన ఆశయే దానిని లాగును. కావలి కొర్రమీను అట్లు చిక్కదు. పిల్లలమీదికి శత్రువు వచ్చెనని తలంచి నోరు తెరచును. దాని ఆకలిని ఎరగా వాడుట వేట. దాని ప్రేమను ఎరగా వాడుటకు మరియొక పేరు వెదకవలెను.

తల్లి పోయిన గంటలోనే ఆ ఎర్రపిల్లలు ఇతర చేపలకును కొంగలకును ఆహారమగును. ఒక చేప కూరకొరకు వందల చేపలు పోవుచున్నవి.

ధర్మశాస్త్రములో పక్షిగూటిని గూర్చి ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. త్రోవలో గూడు కనబడి, తల్లి పిల్లలమీదనో గ్రుడ్లమీదనో కూర్చుండియున్నయెడల తల్లిని పట్టుకొనరాదు. పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని పోనియ్యవలెను. చేపల మాట అక్కడ లేదు, ఉన్నదని చెప్పి చదువరులను మోసపుచ్చము. అయినను తల్లి గూటిని విడువకుండుటయే దానిని పట్టువానికి సులువు గదా. ఆ సులువునే ధర్మశాస్త్రము అడ్డగించుచున్నది. పక్షి విషయములో తల్లి మిగిలినయెడల మరల గ్రుడ్లు పెట్టును. కొర్రమీను విషయములో తల్లిని తీసినయెడల పిల్లలును మిగులవు. కనుక ఆ ఆజ్ఞ ఇక్కడ మరింత బిగువుగా వర్తించునని మా తలంపు.

కొందరు అడుగుదురు: మృగశిర కార్తెనాడు చేప తినుట మన ప్రాంతపు ఆచారము, ఆ దినము కొర్రమీనుకు ఎన్నడును లేని ధర పలుకును, పేదవాడు ఆ దినము పట్టక ఎప్పుడు పట్టును? న్యాయమైన ప్రశ్నయే. జూన్ మొదటివారము దాటగానే వచ్చు ఆ కార్తెలోనే హైదరాబాదు నాంపల్లి మైదానములో ఉబ్బసమునకు మందు పెట్టి చిన్న కొర్రమీను పిల్లలను బ్రతికుండగనే మ్రింగించుదురు. ఆ మందు సంగతి వైద్యులకు విడుచుదము. గిరాకీయు, గ్రుడ్ల కాలమును ఒక్కసారే వచ్చుట మన చెరువుల దురదృష్టము. చేపలమీద బ్రదుకు కుటుంబమును చేపలు పట్టవద్దని మేము చెప్పము. గుంపు క్రిందనున్న ఆ ఒక్కదానిని గూర్చియే మా మాట. గుంపు లేనిచోట సుడి లేపినది ఏ దినమైనను పట్టదగినదే.

బొచ్చె, రోహు చేపల సంగతి వేరు. అవి నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టవు. పారు వరదనీరు కావలెను. 1957లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు సూదిమందుతో వాటిచేత గ్రుడ్లు పెట్టించు పద్ధతి కనుగొన్న తరువాతనే చేపపిల్లలు విస్తారముగా దొరకుటకు మార్గమేర్పడెను. 2016 నుండి తెలంగాణ ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచుట ఆరంభించెను. కొర్రమీను అటువంటిది కాదు. మీ ఊరి చెరువులోనే పుట్టి, మీ చెరువులోనే పెరిగి, మరల అక్కడనే గూడు కట్టును. బొచ్చె పిల్లలను మ్రింగునని మత్స్యకార సంఘములవారికి దీనిమీద కోపము కలదు, అదియు నిజమే. అయినను ఎవరును ఏమియు ఖర్చు చేయకుండ చెరువు తానే ఇచ్చు చేప ఇది.

మా నీళ్ల సంగతి కూడ కొంత చెప్పవలెను. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరమును ముంచిన తరువాత, పైన 1920లో ఉస్మాన్ సాగరును 1927లో హిమాయత్ సాగరును కట్టిరి. వరద భయము తగ్గెను. కాని వేసవిలో నగరము దాటి ఉప్పల్ వైపు వచ్చు మూసీలో ఇప్పుడు పారునది చాలమట్టుకు పట్నపు మురుగే. ఆ నీటితో ఒడ్డున పశువులకు పారాగడ్డి పెంచుదురు. యెషయా ఐగుప్తును గూర్చి ప్రవచించుచు, కాలువలు కంపుకొట్టుననియు నైలునదిలో గాలములు వేయువారు దుఃఖింతురనియు చెప్పెను. వలలవారికంటె ముందుగా గాలములవారినే పేర్కొనెను. మా నదీతీరమున నిలిచి చదువువారికి ఆ వచనములకు వ్యాఖ్యానము అక్కరలేదు.

వేసవి చివర తొలివానకు మురుగు ఒక్కసారిగా చెరువులో దిగినయెడల నీటిలోని ప్రాణవాయువు హరించుకొనిపోయి, తెల్లవారుసరికి చేపలు తెల్లగా తేలును. కొర్రమీను మాత్రము పైకి వచ్చి గాలి పీల్చుకొని కొంతకాలము నిలుచును. అందుచేత కొర్రమీను ఉన్నది గదా, నీరు మంచిదే అనుకొనరాదు. కార్ఖానా నీళ్లు దిగు చెరువులోని చేప బ్రతికియున్నను తినదగినది కాకపోవచ్చును. పట్నమునకు దూరముననున్న మీ చెరువులు ఇంకను ఇట్లు కాలేదు. మీకు ఉన్నదేమిటో మీరు ఎరుగవలెనని ఇది వ్రాయుచున్నాము.

ఈ వానకాలము చెరువు గట్టుకు పోవువారు ఎర్రపిల్లల గుంపును పిల్లలకు చూపించుడి. అంత చక్కని దృశ్యము చెరువులో మరొకటి లేదు. తెలియక గాలమునకు కావలి కొర్రమీనే పడినయెడల చేతులు తడిపి పట్టుకొనుడి. గాలము పెదవికి తగిలినయెడల మెల్లగా తీయుడి. లోపలికి మ్రింగినయెడల లాగక, దారమును నోటిదగ్గర కోయుడి. గాలి పీల్చు చేప గనుక ఆ కొంచెము సేపు ఒడ్డున ఉన్నను చావదు. గుంపు ఉన్నచోటనే విడువుడి; అది తిరిగి పిల్లలయొద్దకు పోవును. కావలి నెల, నెలన్నర ఉండును. ఆ తరువాత పిల్లల ఎరుపు వెలసి నలుపు తిరుగును, గుంపు విడిపోయి ఒక్కొక్కటి గడ్డిలోనికి పోవును. అప్పుడు పెద్ద కొర్రమీను ఒంటరిగా లేచి సుడి తిరుగును. కప్పను అప్పుడు విసరుడి.