కూరగాయల రంగులు – కాపాడుకునే మార్గాలు

కంచంలోని కూరను నాలుక కంటే ముందు కన్ను రుచి చూస్తుంది. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు చిక్కుడుకాయ కూరను, తోటకూర పులుసును పక్కకు నెట్టడానికి, పొయ్యి మీది నుండి దిగేసరికి అవి మట్టి రంగుకు మారడం కూడ ఒక కారణం కావచ్చు. రంగు ఎందుకు పోతుందో తెలిస్తే దానిని నిలుపుకోవడం కష్టం కాదు.

కూరగాయలకు రంగునిచ్చే వర్ణద్రవ్యాలు ముఖ్యంగా నాలుగు. ఆకుపచ్చకు పత్రహరితం, పసుపు, నారింజ రంగులకు కెరోటినాయిడ్లు, వంకాయ ఊదాకు ఆంథోసయనిన్లు, బీట్‌రూట్, ఎర్ర తోటకూరల ఎరుపునకు బీటాలైన్లు మూలం.

ఆకుపచ్చదనం

వీటిలో వంటకు త్వరగా లొంగిపోయేది పత్రహరితం. మొక్కల వర్ణద్రవ్యాలపై, ముఖ్యంగా దీనిపై జరిపిన పరిశోధనలకు జర్మన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ విల్‌స్టాటర్ 1915లో నోబెల్ బహుమతి పొందాడు. పత్రహరితపు అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఉడికేటప్పుడు కణాలు పగిలి, వాటిలోని ఆమ్లాలు వెలువడతాయి. ఆమ్లం, వేడి కలిసి మెగ్నీషియంను తొలగించగా, హైడ్రోజన్ ఆ స్థానంలో చేరుతుంది. రంగు మాసిపోవడానికి ఇదే కారణం. మూత పెడితే, ఆవిరితో పోవలసిన ఆమ్లాలు తిరిగి గిన్నెలోకే జారుతాయి.

కనుక చిక్కుడు, బీన్స్ వంటివాటిని సమృద్ధిగా మరిగే నీటిలో మూత లేకుండా నాలుగైదు నిమిషాలు ఉడికించి, వెంటనే చన్నీటిలో ముంచి, వార్చి, పిదప పోపులో వేయాలి. చింతపండు రసం, టమాటా, నిమ్మరసం చివరనే చేర్చాలి. చిటికెడు వంటసోడా పచ్చదనాన్ని నిలుపుతుంది. కాని కూరను జావగా మార్చి, సి విటమిన్‌ను, థయమిన్‌ను నశింపజేస్తుంది. రంగు కోసం సారాన్ని పోగొట్టుకోవడం తగదు.

గోంగూర మాత్రం వేరు. పులుపు ఆ ఆకులోనే ఉన్నది కనుక దాని రంగు మారక తప్పదు. అది వండినవారి లోపం కాదు.

తక్కిన రంగులు

బీట్‌రూట్ రంగు నీటిలో కరిగిపోతుంది. కాడను అంగుళం మేర ఉంచి, తొక్కతోనే ఉడికించి, ఆ తరువాత ఒలిచి తరగాలి. ఊదా క్యాబేజి క్షారగుణం గల నీటిలో నీలంగా మారుతుంది. కొద్దిగా నిమ్మరసం పిండితే ఎరుపు తిరిగి వస్తుంది. వంకాయ తొక్క రంగు నీటిలో ఉడికితే వెలసిపోతుంది. కాగిన నూనెలో వేయిస్తే చాలవరకు నిలుస్తుంది. క్యారెట్, గుమ్మడి రంగులు వేడికి సులభంగా చెడవు. పైగా కాస్త నూనె తోడైతే వాటిలోని కెరోటిన్‌ను శరీరం బాగా గ్రహిస్తుంది.

పెరటిలో

రంగు పొయ్యి మీద పుట్టదు, పెరటిలో పుడుతుంది. అనేక రకాల వంకాయలకు ఊదా రంగు రావాలంటే ఎండ తగలాలి. తొడిమ కప్పిన చోట కాయ పాలిపోయి ఉండటం ఇందుకు నిదర్శనం. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ 86 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన వేడిలో సరిగా తయారు కాదు. టెక్సాస్ వంటి చోట్ల నడివేసవిలో కాయలు నారింజ రంగులోనే ఆగిపోవడం ఇందువల్లనే. రంగు తిరుగుతుండగానే కోసి, ఇంటిలోపల నీడలో పండిస్తే ఎర్రబడతాయి.

మొక్కకు నీరు పోసిన చేతులతోనే పిల్లలు కాయలు కోసి, వంటింట గిన్నె మూత తీసి ఉంచడంలోని కారణం తెలుసుకుంటే, ఆ కూర వారికి పరాయిదిగా తోచదు.