ఒకే తీగపై అక్షరాల ప్రయాణం

రాత్రివేళ మీరు మీ మేడమీద, మీ స్నేహితుడు ఎదురింటి మేడమీద ఉన్నారనుకోండి. మీ చేతిలో టార్చిలైటు ఒక్కటే ఉంది. దానితో ఇంగ్లీషు పెద్ద అక్షరం 'ఎ'ను అతనికి చేరవేయాలి. ఎలా?

కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. 'ఎ'కు 65. దీన్ని ద్విసంఖ్యామానంలో 01000001 అని రాస్తాం. ఇందులో ఒక్కొక్క అంకె ఒక 'బిట్'. టార్చి వెలిగితే 1, ఆరితే 0 అనుకుందాం. బిట్లను ఇలా ఒకదాని వెనుక ఒకటిగా పంపడమే సీరియల్ పద్ధతి. కంప్యూటరులో ఇందుకు ఉపయోగపడే ద్వారం సీరియల్ పోర్టు.

ఇక్కడొక చిక్కుంది. 'ఎ'లో వరుసగా ఐదు సున్నాలున్నాయి. అంతసేపూ టార్చి ఆరిపోయే ఉంటుంది. అవి నాలుగో, ఐదో మీ స్నేహితుడికి ఎలా తెలుస్తుంది? ఒక్కొక్క బిట్ ఎంతసేపు ఉంటుందో ఇద్దరూ ముందుగానే అనుకొని ఉండాలి గదా! సెకనుకు 9600 బిట్లు అనుకుంటే, ఒక్కొక్కటి సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. ఒకవైపు 9600, రెండోవైపు 4800 అని పెడితే తెరపై అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి.

మరి లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలి? తీగ ఖాళీగా ఉన్నప్పుడు 1 స్థితిలో ఉంటుంది. అక్షరానికి ముందు ఒక 0 వస్తుంది. ఇది ఆరంభ బిట్. తరువాత కుడి చివరినుండి మొదలై ఎనిమిది బిట్లు, ఆఖరున ముగింపు బిట్ 1. మొత్తం పది. కాబట్టి 9600 వేగంతో సెకనుకు 960 ఇంగ్లీషు అక్షరాలు వెళతాయి. మన 'అ'కు యూటీఎఫ్-8 పద్ధతిలో ఇలాంటి మూడు విడతలు కావాలి.

ఏ రెండు గడియారాలూ కచ్చితంగా ఒకేలా నడవవు. అందుకే అందుకునే యంత్రం ప్రతి బిట్‌నూ నడిమధ్యలో చూస్తుంది. పది బిట్లు పూర్తయ్యేలోగా తేడా అర బిట్‌కు మించకపోతే చాలు. తరువాతి ఆరంభ బిట్‌తో లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇక ప్రోగ్రాము సంగతి. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్, దాని బాటలో నడిచే లినక్స్, పరికరాలను కూడా ఫైళ్ళలాగే చూస్తాయి. లినక్స్‌లో మొదటి సీరియల్ పోర్టు పేరు 'టీటీవైఎస్0'. ఇందులోని 'టీటీవై' టెలిటైపు అనే పాత అచ్చు యంత్రానికి గుర్తు. మీ ప్రోగ్రాము ఈ ఫైలును తెరవాలి; వేగం, బిట్ల సంఖ్య, ముగింపు బిట్లు చెప్పాలి; ఆపైన రాయాలి, చదవాలి; చివరకు మూసివేయాలి.

రెండు జాగ్రత్తలు. మామూలుగా యూనిక్స్ పంక్తి పూర్తయ్యేదాకా అక్షరాలను మీకివ్వదు. పంక్తి ముగింపు గుర్తు పంపని పరికరమైతే మీ ప్రోగ్రాము ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అప్పుడు 'వచ్చినది వచ్చినట్లే ఇవ్వు' అని ముందే చెప్పాలి. అలా చెప్పాక, వార్త ముక్కలుగా రావచ్చు. జ్వరం 102 డిగ్రీలని పరికరం పంపితే, మొదట 10, తరువాత 2 అందవచ్చు. తొందరపడి 10 అని నమ్మితే ఎంత ప్రమాదం! వార్త ఎక్కడ ముగుస్తుందో కూడా ముందుగానే ఒప్పందం ఉండాలి.

ఈ రాత్రే టార్చితో ప్రయత్నించండి. మొదట టార్చి వెలుగుతూ ఉండాలి. బిట్‌కు రెండు సెకన్లు. టార్చి ఆరిన మూడు సెకన్లకు మొదటిసారి, తరువాత రెండేసి సెకన్లకు చూసి రాసుకోవాలి. ఆరంభ బిట్ తరువాత 1, 1, 0, 0, 0, 0, 1, 0 వచ్చాయి. మీ స్నేహితుడు పంపిన అక్షరమేది?