బాలసదనం విడిచాక అండగా మాట్లాడేదెవరు?

ప్రశ్న: బాలసదనంలో పెరిగి, 18 ఏళ్లు నిండి బయటికి వచ్చిన అమ్మాయి తరఫున అధికారులతో మాట్లాడేదెవరు? (ఒక పాఠకురాలు, కలిదిండి)

జవాబు: 2015 నాటి బాల న్యాయ చట్టం 46వ సెక్షన్, సంరక్షణ సంస్థ నుంచి 18 నిండి వెళ్లేవారికి ఆర్థిక సాయానికి వీలు కల్పిస్తుంది. 2016 నమూనా నియమాల ప్రకారం ఈ అనంతర సంరక్షణ 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు ఉంటుంది. సంస్థ విడవడానికి రెండు నెలల ముందే పునరావాస ప్రణాళిక బాలల సంక్షేమ సమితికి చేరాలి. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

అయితే చట్టం "ఇవ్వవచ్చు" అంటుందే తప్ప "ఇచ్చి తీరాలి" అనదు. సాయం ఆగితే వారి తరఫున అడిగే స్వతంత్ర ప్రతినిధినీ ఏర్పాటు చేయలేదు. ఇంగ్లండ్‌లో 1989 నాటి బాలల చట్టానికి తర్వాత చేర్చిన 26ఎ సెక్షన్, ఫిర్యాదు చేసే ఇలాంటి యువతకు ప్రతినిధి సాయం కల్పించింది. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేకపోవడం పెద్ద లోటే.

ఉన్నంతలో గట్టి దారి న్యాయ సేవాధికార సంస్థ. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు. ఇతర యువకులకు సాధారణంగా ఆదాయ పరిమితి వర్తిస్తుంది. ఫోన్ నంబరు 15100. అక్కడికి వెళ్లేటప్పుడు పునరావాస ప్రణాళిక ప్రతి, బాలసదనం ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉంచుకోవాలి.