నీలగిరి తోడాలు

తమిళనాడు, కేరళ, కర్ణాటక రాష్ట్రాలు కలిసేచోట నీలగిరులు ఉన్నాయి. వాటిపై సుమారు రెండువేల మీటర్ల ఎత్తున పచ్చిక బయళ్లు పరచుకొని ఉంటాయి. పల్లపు చోట్ల దట్టంగా పెరిగే చెట్ల గుంపులను ‘షోలాలు’ అంటారు. ఈ బయళ్లలో గేదెలను మేపుకొంటూ తరతరాలుగా జీవిస్తున్న గిరిజనులే తోడాలు. వారి సంఖ్య సుమారు రెండువేలు మాత్రమే.

తోడాల పల్లెను ఇరుగుపొరుగువారు ‘మందు’ అంటారు. ఇది మనం మింగే మందు కాదు. మన ‘మంద’కు దగ్గరి చుట్టం. వారు మాట్లాడే తోడా భాష కూడా తెలుగువలె ద్రావిడ భాషయే. దానికి సొంత లిపి లేదు.

తోడాల గేదెలకు కొమ్ములు పొడవుగా, నెలవంకలవలె వంగి ఉంటాయి. అవి కొత్తవారిని దగ్గరకు రానీయవు. సంప్రదాయం ప్రకారం తోడాలు మాంసం తినరు. పాడియే వారి జీవనాధారం. పాలు తోడుపెట్టడం, చిలకడం వారికి పని మాత్రమే కాదు, పూజ కూడా. ప్రత్యేకంగా ఎంచిన గేదెల పాలను గుడిలోనే చిలుకుతారు. పూజారియే అక్కడ పాడి పనివాడు! ఆ గుడిలోనికి స్త్రీలకు ప్రవేశం లేదు.

పూర్వం తోడాలు నెయ్యి ఇచ్చి, కోతల నుండి కుండలు, ఇనుప పనిముట్లు, బడగల నుండి ధాన్యం తీసుకొనేవారు. ఇరవయ్యవ శతాబ్దిలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం క్రమంగా ఆగిపోయింది.

తెల్లని నూలు దుప్పటిపై ఎరుపు, నలుపు దారాలతో తోడా స్త్రీలు చేసే కుట్టుపని చూడదగినది. కాగితంపై బొమ్మ గీసుకోరు. బట్టలోని పోగులను లెక్కపెడుతూ కుట్టుకుపోతారు. ఈ పనికి 2013లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తోడాల పాత ఇల్లు నిలువునా చీల్చి బోర్లించిన పీపావలె ఉంటుంది. వెదురు, పేము వంచి కట్టి, పైన గడ్డి కప్పుతారు. వాకిలి చాలా చిన్నది. వంగి, పాకుతూ లోనికి పోవాలి. పాడిగుడులు కూడా చాలావరకు ఇట్లే ఉంటాయి.

గేదెకు మేత, ఇంటికి, గుడికి కప్పు — అన్నీ గడ్డియే. 19వ శతాబ్దిలో ఆంగ్లేయులు ఇక్కడ ఊటీ పట్టణాన్ని నిర్మించారు. తేయాకు తోటలు వచ్చాయి. పచ్చిక నేలలను బీడులుగా లెక్కగట్టి, ఆస్ట్రేలియా నుండి తెచ్చిన నీలగిరి చెట్లు, తుమ్మజాతి చెట్లు నాటారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా ఈ నాటడం సాగింది. జలాశయాల కింద మరికొంత నేల మునిగింది. మేత తగ్గగా గేదెలూ తగ్గాయి.

నేడు పెక్కుమంది తోడాలు కూరగాయలు పండిస్తూ సిమెంటు ఇళ్లలో ఉంటున్నారు. గుడికి మాత్రం గడ్డికప్పే వేయాలి. ఆ గడ్డి చిత్తడి నేలల్లో పెరుగుతుంది. కప్పు మార్చే కాలం వస్తే దానిని వెదకి కోసి, మోపులు కట్టి మోసుకువస్తారు.