మందకొడి కంప్యూటరు: కొనుటకు ముందు కొలువవలెను

విద్యార్థులారా,

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో ఒకప్పుడు ద్రాక్షతోటలు విస్తారముగా నుండెడివి. నేడు ఈ చుట్టుపట్లనే సాంకేతిక విద్యాలయములు వెలసినవి. శామీర్‌పేట సమీపమున బిట్స్ పిలానీ వారి హైదరాబాదు ప్రాంగణము 2008లో ప్రారంభమైనది. కండ్లకోయ వైపున ఇంజనీరింగు కళాశాలలు కలవు. మన బాలబాలికలనేకులు సాఫ్ట్‌వేరు విద్య నభ్యసించుచున్నారు. వారి యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "కంప్యూటరు మందకొడిగా నున్నది, క్రొత్తది కొనవలెను." ఆ మాట తల్లిదండ్రుల కష్టార్జితమునకు సంబంధించినది గనుక దీనిని నేడు పాఠముగా విచారింతము.

గత వేసవిలో మన పూర్వవిద్యార్థి యొకడు తండ్రితో గూడ నాయొద్దకు వచ్చెను. లక్ష రూపాయలకు పైబడిన ల్యాప్‌టాప్ కావలెనని కుమారుని కోరిక. అందుకై రెండు పాడిబర్రెల నమ్మవలెనని తండ్రి నిశ్చయము. "సారూ, బర్రెలను మరల కొనవచ్చును, పిల్లవాని చదువు ఆగరాదు గదా" అని ఆయన పలికెను. ఆ మాట నా మనస్సును తాకినది. అమ్ముటకు ముందు ఒక్క దినము గడువిమ్మని కోరితిని.

బాలుని కష్టమిది. ప్రోగ్రాములో మార్పు చేసిన పిమ్మట కంపైలరు వందలకొలది ఫైళ్లను చదివి, యంత్రభాషలోనికి మార్చి, తుదకు వానినన్నిటిని ఒకటిగా కూర్చవలెను. ఈ పనిని బిల్డు అందురు. అతని యంత్రములో ఒక్క బిల్డునకు 10 నిమిషములు పట్టుచుండెను. దినమునకు 12 మారులు చేసినచో 2 గంటలు వేచియుండుటకే వ్యయమగును.

శామీర్‌పేట చెరువును మీరెల్లరు చూచియుందురు. ఏ చెరువైనను ఎంత నిండియున్నను, తూము చిన్నదైనచో పొలమునకు నీరు మెల్లగనే పారును. కాలువను వెడల్పు చేసినందున ప్రయోజనము లేదు, తూమునే సరిచేయవలెను. కంప్యూటరులోను ఇట్లే. ప్రాసెసరు పనివాడు, ర్యాము పనిబల్ల, డిస్కు అలమార యనుకొనుడు. బల్ల ఇరుకైనచో పనివాడు మాటిమాటికి అలమారకు నడువవలసివచ్చును. అట్టియెడ మరింత చురుకైన పనివానిని నియమించినను నడక తప్పదు.

ఆ నడక యెంత దూరమో లెక్కింతము. పాత ల్యాప్‌టాపులలోని హార్డ్‌డిస్కు పళ్లెము సాధారణముగా నిమిషమునకు 5,400 మారులు, అనగా సెకండునకు 90 మారులు తిరుగును. కావలసిన చోటు తల క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా సుమారు 5.6 మిల్లీసెకండ్లు పట్టును. తల కదలుటకు మరికొంత కాలము పట్టును. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగములే లేవు గనుక చదువుట సాధారణముగా మిల్లీసెకండులో పదవవంతు లోపుననే ముగియును.

ఇక కొలత. టాస్క్ మేనేజరు తెరచి, గడియారము దగ్గర పెట్టుకొని, బిల్డు జరుగుచుండగా ముగ్గురమును చూచితిమి. ర్యాము నిండియుండెను, డిస్కు నూటికి నూరుపాళ్లు పనిలో నుండెను, ప్రాసెసరు మాత్రము చాలసేపు ఊరకయుండెను. స్థూలముగా 10 నిమిషములలో 6 డిస్కు కొరకు వేచియుండుట, 3 నిజమైన గణనము, 1 ఇంటర్నెట్టు నుండి లైబ్రరీలను తెచ్చుకొనుట.

1967లో జీన్ ఆమ్డాల్ అను అమెరికా ఇంజనీరు తెలిపిన సూత్రము ఇచ్చట ఉపకరించును. ఒక భాగమును ఎంత వేగపరచినను, తక్కిన భాగములకు పట్టు కాలము తగ్గదు. ఆ సంవత్సరముననే డాక్టర్ ఎ. ఎస్. రావు గారి నాయకత్వమున హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపింపబడినది. ఆ సంస్థ నేడు మన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే యున్నది.

లెక్క చూడుడు. ప్రాసెసరు వేగము రెట్టింపైనచో 3 నిమిషములు ఒకటిన్నర యగును. మొత్తము 8½ నిమిషములు. అనంతవేగము గల ప్రాసెసరు తెచ్చినను 7 నిమిషములు తప్పవు. డిస్కు నిరీక్షణ పదవవంతైనచో 6 నిమిషములు 36 సెకండ్లగును. మొత్తము 4 నిమిషముల 36 సెకండ్లు. తెచ్చుకొన్న లైబ్రరీలను యంత్రములోనే నిలువచేయు ఏర్పాటునకు ఖర్చే లేదు. దానివలన మరియొక నిమిషము మిగులును.

ఆ బాలుడు తన పాత యంత్రమునకే ర్యామును 8 జీబీ నుండి 16 జీబీకి పెంచి, ఎస్.ఎస్.డి. పెట్టించెను. క్రొత్త ల్యాప్‌టాప్ వెలలో అది చిన్నపాలు మాత్రమే. ఇప్పుడు బిల్డు సుమారు 4 నిమిషములలో ముగియుచున్నది. బర్రెలు ఇంటనే యున్నవి.

అయితే అందరికిని ఇదే మందు అనుకొనరాదు. ర్యాము ఖాళీగా నుండి, డిస్కు తీరికగా నుండి, ప్రాసెసరు కోర్లన్నియు నిండుగా పనిచేయుచున్నచో, హెచ్చు కోర్లు గల ప్రాసెసరు కొనుట న్యాయమే. ఫైళ్లను విడివిడిగా కంపైలు చేయు పనిని అవి పంచుకొనును. ఒక్క కోరు మాత్రమే నిండియున్నచో, కోర్ల సంఖ్యకంటె ఒక్కొక్క కోరు వేగమే ముఖ్యము. గ్రాఫిక్సు కార్డు ఆటలకును యంత్రాభ్యాసమునకును ఉపకరించును గాని సామాన్యమైన కంపైలు పనిని వేగపరచదు. మన వేసవి యెండలలో ల్యాప్‌టాప్ వేడెక్కినచో ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. గాలి రంధ్రములలోని దుమ్ము తుడిపించుట కొన్నియెడల చాలును.

తల్లిదండ్రులారా, దుకాణమునకు పోవుటకు ముందు మీ బిడ్డను మూడు ప్రశ్నలడుగుడు. కాలము ఎచ్చట పోవుచున్నది? దానిని కొలిచితివా? ఉన్న యంత్రములోనే ఆ భాగమును మార్చవచ్చునా? క్రొత్తది కొనక తప్పనిచో, ర్యామును తరువాత పెంచుటకు వీలున్నదో లేదో విచారింపుడు. పలుచని ల్యాప్‌టాపులు అనేకములలో అది బోర్డునకే అతుకబడియుండును.

విద్యార్థులారా, రోగమొకటి మందొకటి కారాదు. అడుగుట మీ హక్కు. కొలిచి అడుగుట మీ ధర్మము.